ఎల్మర్ ముసలాయన గరిటె

స్విండన్,
14 సెప్టెంబరు 2025

ప్రకటన

ఇందుమూలముగా స్విండన్, షెఫీల్డ్, కేంబ్రిడ్జ్ పట్టణములలో నివసించు మా యావన్మంది బంధువులకు తెలియజేయునది ఏమనగా: ఇంటర్మీడియెట్ తప్పిన హన్మంతు అను నేను నేటి నుండి నా ఇంట చాయ్‌లో బిస్కెట్ ముంచుటకు సర్వస్వతంత్రుడను. ఎంతసేపు ముంచవలెనో, విరిగి లోపల పడినచో చెంచాతో తీయవలెనో వేలితో తీయవలెనో శాసించుటకు ఏ ప్రభుత్వమునకును, ఏ కౌన్సిలునకును, ముఖ్యముగా ఏ బావకును అధికారము లేదు. ధిక్కరించువారు తమ బిస్కెట్ తామే తెచ్చుకొనవలెను.

కిషన్‌రావు బావకు నమస్కారాలు.

పైన గుండ్రటి మరక చూశారు కదా, అది నా చాయ్ కప్పు అడుగు. అధికార ముద్ర. మీ ఆఫీసు ముద్ర కన్నా నీటుగా పడింది.

ఫోన్లుండగా ఈ ఉత్తరమేమిటని మీకు ఆశ్చర్యం అక్కర్లేదు. మా అక్క మనిద్దరినీ ఫ్యామిలీ గ్రూపులోంచి వెళ్లగొట్టింది. నాకు ఫోన్ చేసి ఏమన్నదో తెలుసా? "మీ అమెరికా కొట్లాట కాయిదాల మీద రాసుకోండ్రి, స్టాంపులంటించి పంపుకోండ్రి. గ్రూపుల నా బిడ్డ పెండ్లి ముచ్చట్లు నడవాలె. మీ ఇద్దర్ల ఒక్కనికన్న ఆడ ఓటున్నదార?" లేదు. మీరు అమెరికా చూసింది టీవీలో, నేను విన్నది గోదాంలో సామానెత్తే ఫోర్క్‌లిఫ్ట్ మీద కూర్చుని హెడ్‌ఫోన్స్‌లో. అయినా వదిలిపెడతామా?

గ్రూపులో మీరు నా నోరు మూయించిన చోటి నుంచే మొదలుపెడతాను. ఆగస్టు చివరి నుంచి అమెరికాకు పోయే చిన్న పార్సిల్ మీద కూడా సుంకం వేశారు. ఆ సుంకం పరాయి దేశం కడుతుందని ఏనుగు గుర్తు రిపబ్లికన్లు చెబుతున్నారు. కట్టేది ఆ పార్సిల్ కోసం గుమ్మంలో ఎదురుచూసే ముసలమ్మ. మీ గాడిద గుర్తు డెమొక్రాట్లు శుద్ధపూసలని అనుకోకండి. తమవాడు అధ్యక్షుడి కుర్చీలో ఉన్నన్నాళ్లూ ఆ కుర్చీకి లేని అధికారాలు కట్టబెట్టి చప్పట్లు కొట్టారు. ఇప్పుడు అదే కుర్చీలో అవతలివాడు కూర్చుంటే నియంత అని గుండెలు బాదుకుంటున్నారు. కుర్చీని పెంచింది ఎవరు బావా?

ఇక నెబ్రాస్కా రాష్ట్రంలో ఎల్మర్ అనే ముసలాయన సంగతి వినండి. భార్య పోయాక, వంటింటి కిటికీలోంచి పక్క ఫ్యాక్టరీ కూలీలకు సూపు అమ్ముకునేవాడు. లైసెన్సు లేదని ఒక అధికారి వచ్చి, గిన్నెడు సూపూ మోరీలో పోయమన్నాడు. ముసలాయన అడ్డం పడలేదు, ఏడవలేదు. గరిటె అధికారి చేతిలో పెట్టి, "రుచి చూసి పారబొయ్యి నాయనా" అన్నాడు. అంతే. లైసెన్సుల రాజ్యమంటే ఇది. రుచి చూసే నాలుక ఉండదు, పారబోసే చేతులుంటాయి.

నవంబరు 22న మన నిఖిత పెళ్లి. మూఢం రాకముందే ముహూర్తం దొరకడం అదృష్టం. పిల్లను గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసేది మేనమామ కాబట్టి, గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్ పక్కన పెట్టి బియ్యం బస్తాలు నా చేతులతోనే ఎత్తుతున్నాను. మా సూపర్‌వైజర్ నన్ను డాక్టరుకు చూపించుకోమన్నాడు.

ఏ లైసెన్సూ లేని మీ బావమరిది,
హన్మంతు


షెఫీల్డ్,
25 సెప్టెంబరు 2025

హన్మంతుకు,

సెకండ్ క్లాస్ స్టాంపు అంటించిన నీ ఉత్తరం, దాని స్థాయికి తగిన వేగంతో అందింది. నేను పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ. చేశాను. చాయ్ మరకకు జవాబివ్వవలసిన అవసరం నాకు లేదు. అయినా మీ అక్క తమ్ముడివి కాబట్టి రాస్తున్నాను.

ప్రభుత్వం వద్దంటావు. పోయినేడు నీ మోకాలు బాగు చేసిందెవరు? జీపీ డాక్టరు దగ్గరకు స్వేచ్ఛగా కుంటుకుంటూ పోయావు, ఎన్‌హెచ్‌ఎస్ ప్రభుత్వాసుపత్రి మంచం మీద స్వేచ్ఛగా పడుకున్నావు. మీ ఊళ్లో ఐదు చిన్న రౌండబౌట్లు కలిపి ఒక పెద్ద రౌండబౌట్ ఉంది కదా, అక్కడ రూల్స్ లేకుండా బండి నడుపు, చూద్దాం.

మీ ఎల్మర్ సంగతి నాకు కొత్త కాదు. ఆ కేసు రిపోర్టు నేను చదివాను. ఆయన సూపు తాగి పదిహేడు మంది ఆస్పత్రి పాలయ్యారు. వంటింట్లో ఎలుకలున్నాయి. నీ పాడ్‌కాస్టులవాళ్లు ఈ ముక్క చెప్పరు. సగం కథ చెప్పి కన్నీళ్లు పెట్టించడం మీ స్వేచ్ఛావాదుల వృత్తి. తిండి విషయంలో అధికారి గట్టిగా ఉండకపోతే శవాలు లెక్కపెట్టుకోవాలి. ముప్పై ఏళ్లుగా కౌన్సిల్‌లో ఆ పనే చేస్తున్నవాణ్ణి, నాకు నువ్వు చెప్పేదేమిటి?

నడుముకు బెల్టు కొనుక్కో. నిఖిత రోజూ జిమ్‌కు పోయే పిల్ల, బియ్యం బస్తా కాదు.

కిషన్‌రావు


స్విండన్,
4 అక్టోబరు 2025

ఎం.ఏ. బావగారి సన్నిధికి,

పదిహేడు మందా! ఎలుకలు కూడానా! మీ పరిశోధనకు నా టోపీ తీసి గోదాం నేల మీద పెట్టాను. దాని మీంచి ఫోర్క్‌లిఫ్ట్ పోయింది.

మా రౌండబౌట్ సంగతి ఎత్తి మంచి పని చేశారు. రోజూ పొద్దున దాని మీంచే పోతాను. అక్కడ సిగ్నల్ లేదు, పోలీసు లేడు. ఎదుటివాడి మొహం చూస్తాం, వాడు మన మొహం చూస్తాడు, తల ఊపుతాడు, పోతాం. కొత్తగా వచ్చినవాడు భయపడి ఆగితే వెనకవాళ్లు ఓపిక పడతారు. నేను చెప్పే స్వేచ్ఛ అదే బావా. నెత్తిన ఒకడు నిలబడి ఈల ఊదకపోయినా జనం ఒకరినొకరు గుద్దుకుని చావరు. మీరు షెఫీల్డ్ నుంచి వచ్చినప్పుడు మాత్రం దాని చుట్టూ తిరిగి తిరిగి, చివరికి అక్కను దిగి దారి అడగమన్నారు.

మొన్న ఒకటో తారీఖున బడ్జెట్ తేలక అమెరికా ప్రభుత్వం మూతపడింది. రెండో తారీఖున కూడా సూర్యుడు ఉదయించాడని అక్కడి నా మిత్రులు తెలియజేశారు. జీతం లేకుండా విమానాలు దింపేవాళ్లను చూస్తే నాకూ జాలే. కానీ వాళ్లను అట్లా తాకట్టు పెట్టింది స్వేచ్ఛావాది కాదు. నీ లెక్క తప్పంటే నీ లెక్క తప్పని తిట్టుకుంటూ, ఖర్చు మాత్రం కలిసి పెంచే మీ రెండు జంతువులు.

ఎల్మర్‌ను మాత్రం ఎలుకలతో కలపకండి. ఆయన గిన్నె తళతళలాడేది. ఆ అధికారికి గరిటెడు సూపు రుచి చూడ్డానికి ఏం పోయింది? భయం బావా. రుచి చూస్తే బాగుంటుందేమోనని భయం.

బస్తాలెత్తి బలిసిన,
హన్మంతు


షెఫీల్డ్,
13 అక్టోబరు 2025

హన్మంతూ,

ఇక ఆట చాలు.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే అనుమానం వచ్చింది, తమాయించుకున్నాను. రెండోసారి మళ్లీ గరిటె ఎత్తావు. నువ్వు నెబ్రాస్కా అని రాస్తున్నావు గానీ చూపిస్తున్నది నన్నని నాకు అర్థమైంది.

కిరణ్మయి సంగతి నీకు ఎవరు చెప్పారు?

తెలియనట్టు నటించకు. మా కౌన్సిల్ పరిధిలో ఉండే సిద్దిపేట పిల్ల. మాస్టర్స్ చదివే మన పిల్లలకు తన ఫ్లాట్‌లో వండి డబ్బాలు పంపేది. కౌన్సిల్‌లో నమోదు చేసుకోలేదు. ఉన్న ఒక్క ఫ్రిజ్‌కు తలుపు సరిగా పడదు. ఫిర్యాదు వచ్చింది, వేసవిలో నేనే వెళ్లాను. సంతకం పెట్టించి, వండిన బగారన్నం, కోడికూర నల్లసంచుల్లో వేయించాను. అది నా ఉద్యోగం. సంచుల్లో వేసే ముందు ఆ పిల్ల గరిటె నా చేతిలో పెట్టి, "రుచి చూసి పారబొయ్యుండ్రి అంకుల్" అన్నది.

ఆ మాట నేను రిపోర్టులో రాయలేదు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మీ అక్క ఒక్కదానికే చెప్పాను, అది కూడా మా ఇంట్లో ఇక బగారన్నం వండొద్దని అన్నప్పుడు, ఎందుకని అడిగితే. నేను చదివిన ఎల్మర్ రిపోర్టులో గరిటె లేదు, ఆ మాటా లేదు. అది మా ఇంట్లోంచి నీకు చేరింది. నువ్వు దానికి అమెరికా రంగు పూసి నా మీదికి విసిరావు.

మీ అక్కను అడిగాను. నేను చెప్పలేదన్నది. నేను నమ్మలేదు.

గంప మోయడానికి వేరే మనిషిని చూసుకుంటాను. కేంబ్రిడ్జ్‌లో మీ పెదనాన్న కొడుకు దినేశ్ ఉన్నాడు, అతనూ వరుసకు మేనమామే. నువ్వు బస్తాలు మోసుకో.

కిషన్‌రావు


స్విండన్,
18 అక్టోబరు 2025

బావా,

ఈసారి ఫస్ట్ క్లాస్ స్టాంపు.

అక్క నాకు చెప్పలేదు. కిరణ్మయి అనే పేరు మీ ఉత్తరంలోనే మొదటిసారి చూశాను. మీరు ఎవరి మీద ఒట్టు పెట్టమంటే వాళ్ల మీద పెడతాను.

నేను అమెరికాను తిడుతుంటే షెఫీల్డ్‌లో మీకెందుకు కాలిందో ఇప్పుడు తెలిసింది. బగారన్నం సంచిలో వేయించారా? మెతుకు నోట్లో పెట్టకుండా? పైగా ఫ్రిజ్ తలుపు పడదని సాకు. తలుపు బిగించడానికి ఒక స్క్రూడ్రైవర్ చాలు, దానికి ఎం.ఏ. అక్కర్లేదు. మీరు అక్కడికి అధికారిగా పోయారు, మంచిదే. వచ్చే ముందు అంకుల్‌గా ఒక్క నిమిషం ఆగి, ఎట్లా నమోదు చేసుకోవాలో చెప్పి రాకపోయారా?

నన్ను ఎంతయినా తిట్టండి. గంప తీసి దినేశ్‌కిస్తామంటారా? వాడు సూట్‌కేస్ కూడా చక్రాలు లేకుండా ఎత్తలేడు. నిఖిత పుట్టినప్పుడు ఆస్పత్రిలో మీకన్నా ముందు ఎత్తుకున్నది నేను. ఆ పిల్ల మూడేళ్లప్పుడు బట్టల బుట్టలో కూర్చోబెట్టి హాలంతా తిప్పితే, "మామా, అగైన్, అగైన్" అని సాయంత్రం దాకా దిగలేదు. పెళ్లినాడు నేను పక్కన నిలబడి ఫోటోలు తీయాలా?

అక్కను మాత్రం ఏమీ అనకండి. ఇది నేను నవ్వుతూ చెప్పడం లేదు.

హన్మంతు


షెఫీల్డ్,
3 నవంబరు 2025

హన్మంతుకు,

మీ అక్క వారం రోజులుగా నిఖిత ఫ్లాట్‌లో ఉంటున్నది. "ముప్పై ఏండ్లు కలిసుండి నా మాట నమ్మనోనికి నేనెందుకు వండిపెట్టాలె" అన్నదట. నాకు రోజూ టేకవే తిండి. నిన్న పెళ్లి హాలు వాళ్లతో మాట్లాడ్డానికి ముగ్గురం కలిసి పోతే, తల్లీకూతుళ్లు వెనక సీట్లో కూర్చున్నారు, నేను డ్రైవర్‌లాగా నడిపాను. గంప దినేశ్ మోస్తాడంటే నిఖిత, "ఐ విల్ జస్ట్ వాక్, డాడ్" అన్నది. ట్రైనర్స్ బూట్లు వేసుకుని నడిచొస్తుందట మండపానికి.

నేను మొండివాణ్ణి కాదు. ఆధారం చూపిస్తే ఒప్పుకునేవాణ్ణి. ఎల్మర్ నిజంగా ఆ మాట అన్నాడని అచ్చులో ఉన్న కాగితం నాకు పంపు. అచ్చులో ఉంటే, మీ అక్క చెప్పలేదని నమ్ముతాను, ఆమె కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను, గంప నీకే ఇస్తాను. లేకపోతే మీ అక్కా తమ్ముళ్లిద్దరూ కలిసి నన్ను నవ్వులపాలు చేశారని నా బతుకంతా అనుకుంటాను. నోటిమాటలు నాకు వద్దు.

కిషన్‌రావు


స్విండన్,
8 నవంబరు 2025

బావగారికి,

ఇదిగో మీరడిగిన కాగితం. మా గోదాంలో ఒక అమెరికా పిల్ల పనిచేస్తున్నది. వాళ్ల నాన్న అక్కడి ఊరి పేపర్లోంచి కత్తిరించి దాచుకున్నాడు, బతిమాలి తెప్పించాను. పాతది కాబట్టి పచ్చబడింది, చిరగకుండా పట్టుకోండి. ఫోటోలో గరిటె పట్టుకున్నది ఎల్మర్. రెండో పేరాలో ఆయన మాట ఉంది, కింద గీత నేను గీశాను.

అక్కను వెళ్లి తీసుకురండి. ఈ రోజే పోండి.

హన్మంతు


షెఫీల్డ్,
13 నవంబరు 2025

హన్మంతుకు,

కాగితం అందింది. క్షుణ్ణంగా పరిశీలించాను. ఇదే కత్తిరింపు నేను చదివిన రిపోర్టుకు అనుబంధంగా ఉన్నట్టు ఇప్పుడు గుర్తొస్తున్నది, అప్పుడు ఆ పేజీ దాకా చదివి ఉండను. ఎలుకల సంగతి ఇందులో లేదు గానీ, అది వేరే విషయం.

మీ అక్కను తీసుకొచ్చాను. కాగితం చూపించి, పొరపాటు పడ్డానని చెప్పాను. ఆమె కాగితం వంక చాలాసేపు చూసింది. నాకు చక్కెర లేకుండా చాయ్ పెట్టిచ్చింది.

గంప నీది. ముందు రోజు సాయంత్రానికే రా. పెళ్లిలో అమెరికా మాట ఎత్తకు. అన్నట్టు, వాళ్ల ప్రభుత్వం మొత్తానికి తెరుచుకుంది. చూశావా, అది లేకుండా నడవదు.

మీ బావ,
కిషన్‌రావు


స్విండన్,
30 నవంబరు 2025

కిషన్‌రావు బావకు నమస్కారాలు.

నడుము పట్టేసింది. బోర్లా పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే అది మీ బిడ్డ జిమ్ పుణ్యం. గంప ఎత్తగానే నిఖిత నా చెవి దగ్గర, "మామా, డోంట్ డ్రాప్ మీ, ఓకే?" అన్నది. మండపం మెట్టు దగ్గర కాలు ఒక్కసారి తడబడింది. పడేసి ఉంటే నా ప్రాణం అక్కడే పోయేది. దించాక ఇంకా దిగకుండా నా మెడ పట్టుకుని, చిన్నప్పటిలాగే "అగైన్" అన్నది చూశారూ, దానికోసం ఇంకో నెల బోర్లా పడుకుంటాను.

ఇక మీ సంగతి. పెళ్లిలో అమెరికా మాట ఎత్తకని నాకు ఆంక్ష పెట్టి, రిసెప్షన్‌లో మైకు పట్టుకుని ఎత్తింది ఎవరు? పెళ్లికొడుకు కౌశిక్ వాళ్ల చుట్టాలందరి ముందు, "నెబ్రాస్కాలో ఎల్మర్ అనే పెద్దమనిషితో నేను స్వయంగా మెయిల్‌లో మాట్లాడాను, అధికారి కూడా మనిషిగా ఆలోచించాలని ఆయన నాతో అన్నారు" అని చెప్పారు. కొత్త అల్లుడు చప్పట్లు కొట్టాడు. నేను నవ్వాపుకోలేక గులాబ్‌జామూన్ మింగేసి దగ్గు తెచ్చుకున్నాను.

ఇంకోటి. సారెలోంచి గరిజెలు తీసి మీరు వరసగా నమిలారు కదా, "ఎవరు చేసిండ్రో గని మస్తున్నయి" అని అందరికీ పంచారు కదా, వాటిని చేసిపెట్టింది కిరణ్మయి. అక్క పిలిచింది, మీకు చెప్పకుండా. మూడో వరసలో ఆకుపచ్చ చీర కట్టుకుని కూర్చున్న పిల్ల. మీరు గుర్తుపట్టలేదు. గరిజె తినేటప్పుడు ఏ ఫ్రిజ్ తలుపూ అడగలేదు.

ఇప్పుడు విషయానికి వస్తాను. ఆ కత్తిరింపు దొంగది. మా గోదాం ప్రింటర్‌లో తీశాను, సామాను చుట్టే పలచని కాగితం మీద. పచ్చదనం రావడానికి చాయ్‌లో ముంచి, రేడియేటర్ మీద ఆరబెట్టాను. నా ప్రకటనలో చాయ్‌లో ముంచే హక్కు గురించి ఉత్తినే రాశాననుకున్నారా? ఫోటోలో ఉన్నది నా పక్క ఫోర్క్‌లిఫ్ట్ తోలే టోనీ. గరిటె క్యాంటీన్‌ది. పట్టుకుని ఏడుపు మొహం పెట్టమంటే వాడికి రాలేదు, ఉల్లిగడ్డ కోసి దగ్గర పెట్టాను.

కోపం వచ్చిందా? రానివ్వండి, నాకు అంతకన్నా ఎక్కువుంది. ముప్పై ఏళ్లు మీ పక్కన బతికిన మనిషి మీ మొహం చూసి, నేను చెప్పలేదన్నది. చాలలేదు. చాయ్‌లో ముంచిన కాగితం చాలింది. అచ్చులో ఉంటే నమ్ముతారు, నోటితో అంటే నమ్మరు. మీ ఆఫీసులో చేసింది అదే, మీ ఇంట్లో చేసింది అదే. ఆ కాగితం వంక అక్క అంతసేపు ఎందుకు చూసిందనుకున్నారు? నేను అబద్ధాలాడినప్పుడు నా గీత ఎట్లా వంకర పోతుందో చిన్నప్పటి నుంచి ఆమెకు తెలుసు. చక్కెర డబ్బా మూత తీయనిది అందుకే.

ఇక ఆ మాట. అక్క చెప్పకపోతే నాకెట్లా వచ్చిందని మీ అనుమానం కదా. మీ పెళ్లయిన కొత్తలో మా ఇంటికి మొదటి దసరాకు వచ్చారు. మా అమ్మ తలకాయ కూర వండింది. మీరు చదువుకున్నవారు, వాసన చూసి పళ్లెం అవతలికి నెట్టారు. అమ్మ కోప్పడలేదు. గరిటె మీ చేతిలో పెట్టి, "రుచి చూసి పారబొయ్యి అల్లుడా" అన్నది. మీరు రుచి చూశారు. తర్వాత గిన్నె తుడిచి పెట్టారు. మా సిద్దిపేట వంటింటి ఆడవాళ్లందరి నోళ్లలో ఉండే మాటే అది, కిరణ్మయి కూడా వాళ్లమ్మ దగ్గర విని ఉంటుంది. నేను అమ్మ నోట్లోంచి తీసి ముసలాయన నోట్లో పెట్టాను. మీరు ఆ గిన్నె మరిచిపోయారు, అందుకే మా అక్కను దొంగను చేశారు.

ఆ పిల్ల కౌన్సిల్‌లో నమోదు చేసుకోవడానికి ఫారం నింపుతున్నదట. మీరే వెళ్లి నింపిపెట్టండి. స్క్రూడ్రైవర్ తీసుకుపోండి. అక్కకు క్షమాపణ మళ్లీ చెప్పండి, ఈసారి చేతిలో ఏ కాగితమూ లేకుండా.

ఉంటాను,
బోర్లా పడుకున్న మీ బావమరిది
హన్మంతు

తా.క. కాగితం దొంగదైతేనేం, ఎల్మర్ అసలువాడే కదా అని మీ మనసు ఇంకా ఏదో మూల సర్దిచెప్పుకుంటూ ఉంటుంది. లేడు బావా. నెబ్రాస్కాలో లేడు, ఎక్కడా లేడు. ఒక ఆదివారం చాయ్‌లో బిస్కెట్ విరిగి పడినప్పుడు, మిమ్మల్ని ఏడిపించడానికి నేను పుట్టించాను. మీకు మెయిల్ రాసింది ఎవరో, ఆయన సూపు తాగి ఆస్పత్రి పాలైన ఆ పదిహేడు మంది ఎవరో మాత్రం నాకు తెలియదు. వాళ్లను నేను పుట్టించలేదు.